ఇంజను పీల్చే గాలిలో ఆయిల్



ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, ఈ దారిలో ఏ మెకానిక్ షెడ్డు ముందు ఆగినా బానెట్ ఎత్తిన కారో, బొలెరోనో ఒకటి కనిపిస్తుంది. పక్కనే ఓ కుర్రాడు నల్లటి రబ్బరు పైపును గుడ్డతో తుడుస్తూ ఉంటాడు. ఎయిర్ ఫిల్టరు నుంచి ఇంజనుకు గాలి తీసుకెళ్లే పైపు అది. గాలి తప్ప మరేదీ పోకూడని దారి. అందులోంచి ఆయిల్ కారుతుంటే బండి యజమానికి గుండె గుభేలుమంటుంది. "ఇంజను పోయిందా అన్నా?" అని అడుగుతాడు. "ఏం కాదు, తుడిచి బిగిస్తా" అంటాడు మెకానిక్. ఇద్దరూ తొందరపడుతున్నారనే నేనంటాను. ఆయిల్ అక్కడికి ఎందుకొచ్చిందో చూడకుండా తుడిచిన పైపు నెల తిరక్కుండా మళ్లీ తడుస్తుంది. అది ఎందుకొస్తుందో, మన వైపు ఎందుకు ఎక్కువగా వస్తుందో, రాకుండా ఏం చేసుకోవచ్చో ఈరోజు చెబుతాను.

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా నూటికి నూరుపాళ్లు బిగుతుగా ఉండవు. సిలిండరులో మంట రేగిన ప్రతిసారీ కొంత గ్యాసు రింగుల పక్కనుంచి కిందికి, ఆయిల్ చాంబరులోకి జారుతుంది. షెడ్డు భాషలో దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఈ గ్యాసుకు బయటికి దారి లేకపోతే చాంబరులో ఒత్తిడి పెరిగి సీళ్లు, ప్యాకింగులు ఆయిల్ కక్కడం మొదలుపెడతాయి. అందుకే ప్రతి ఇంజనుకూ ఒక బ్రీదర్ పైపు ఉంటుంది. పాతకాలంలో ఆ పైపు చివర నేల వైపు తెరిచి వదిలేసేవారు. పొగ, ఆవిరి, ఆయిల్ తుంపర అన్నీ రోడ్డు మీదికే.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరాన్ని పట్టి పీడించిన పొగమంచుకు ముఖ్య మూలం కార్లు వదిలే వాయువులేనని 1950ల తొలి ఏళ్లలో హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చాడు. కారు నుంచి గాలిలో కలిసే మండని పెట్రోలు ఆవిరిలో సుమారు ఐదో వంతు ఈ బ్రీదర్ గొట్టం నుంచే పోతోందని లెక్క తేలింది. దాంతో 1961 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలో ఆ గొట్టాన్ని రోడ్డు మీదికి కాకుండా తిరిగి ఇంజను పీల్చే గాలిలోకే కలపాలన్నారు. దాన్ని అదుపు చేసే చిన్న కవాటమే పీసీవీ వాల్వు. నిజానికి రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులోనే అలాంటి వాల్వు ఉంది. ఆ జీపు వాగుల్లో దిగాలి కదా, బ్రీదరు తెరిచి ఉంటే నీళ్లు చాంబరులోకి పోతాయని మూసి పెట్టారు. మన ఏజెన్సీ ఊళ్లలో చాలాకాలం తిరిగిన మహీంద్రా జీపులకు ఆ విల్లీసే మూలం.

కాబట్టి నేటి ప్రతి కారూ తన బ్రీదర్ గ్యాసును తానే పీలుస్తుంది. ఆ గ్యాసుతోపాటు ఆయిల్ మంచులా సన్నగా వస్తుంది. దాన్ని పట్టి వెనక్కి చాంబరులోకి పంపడానికి టాపెట్ కవరులో అడ్డుపలకలతో ఒక సెపరేటరు పెడతారు. అది ఎంత బాగా పనిచేసినా కాస్త ఆయిల్ తప్పించుకుంటుంది. అందుకే పైపులో వేలు పెట్టి చూస్తే పలచటి జిడ్డు తగలడం మామూలే, భయపడనక్కర్లేదు. పైపు వంపులో ఆయిల్ నిలిచినా, థ్రాటిల్ బాడీ దగ్గర చుక్కలు కారుతున్నా, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు విప్పితే చెంచాలకొద్దీ పడినా అప్పుడు వెతకాలి.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది రింగుల దగ్గర మొదలుపెడతారు. నేను ఆయిల్ గేజీ దగ్గర మొదలుపెట్టమంటాను. పైసా ఖర్చు లేనిది, ఎక్కువసార్లు దొరికేది ఆ తప్పే. చిన్న కారు చాంబరులో మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. గేజీ మీద కింది గీతకూ పైగీతకూ మధ్య తేడా చాలా బళ్లలో లీటరు లోపే. ఆయిల్ మార్చేటప్పుడు డబ్బాలో మిగిలిన అరలీటరు పారబొయ్యడం ఎందుకని పోసేస్తారు. "ఎక్కువుంటే మంచిదేగా" అని యజమాని కూడా ఒప్పుకుంటాడు. మంచిది కాదు. మట్టం పైగీత దాటితే తిరిగే క్రాంకు ఆయిల్‌ను చిలకడం మొదలుపెడుతుంది. నురగ లేస్తుంది, తుంపర దట్టమవుతుంది, సెపరేటరు పట్టలేనంత ఆయిల్ బ్రీదరులోకి ఎక్కుతుంది. ఇంజను చల్లారాక, బండిని చదునైన చోట నిలిపి, గేజీ తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడండి. పైగీత దాటి ఉంటే తీయించెయ్యండి.

బీఎస్-6 డీజిల్ కారున్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఈ ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చాయి. ఆ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటుంది. మసి నిండినప్పుడు బండి తనంతట తాను దాన్ని కాల్చుకుంటుంది. అందుకోసం చాలా బళ్లు సిలిండరులోకి అదనంగా డీజిల్ చల్లుతాయి. ఆ పని మధ్యలో ఇంజను ఆపేస్తూ పోతే, అంటే ఇంటి నుంచి బజారుకూ బజారు నుంచి ఇంటికీ మాత్రమే తిప్పుతూ ఉంటే, ఆ డీజిల్ కొంత రింగుల పక్కనుంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. గేజీలో ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, పలచబడుతుంది. అలాంటి కారును అప్పుడప్పుడు హైవే ఎక్కించి ఆపకుండా నడపాలి. మట్టం పెరిగితే ఆలస్యం చెయ్యకుండా ఆయిల్ మార్పించాలి.

గేజీ సరిగ్గా ఉంటే తర్వాత ఎయిర్ ఫిల్టరు. మన ప్రాంతం అసలు బెడద ఇక్కడే ఉంది. ఒక లీటరు పెట్రోలు మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఖమ్మంలో బయలుదేరి భద్రాచలం చేరేసరికి ఓ మోస్తరు కారు 70 వేల లీటర్ల గాలి పీలుస్తుంది. అది ఎలాంటి గాలి? సత్తుపల్లి, మణుగూరు ఓపెన్‌కాస్టు గనుల నుంచి బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్ల మీది గాలి. గోదావరి ఇసుక లారీల వెనక గాలి. చర్ల, వెంకటాపురం వైపు లోపలి ఊళ్లకు దిగితే ఎర్రమట్టి దుమ్ము. ఆ దుమ్ముతో ఫిల్టరు మూసుకుపోతే ఇంజను ఇంకా బలంగా పీలుస్తుంది. ముందునుంచి గాలి చాలక, పక్కనే కలిసే బ్రీదర్ పైపు నుంచి ఎక్కువ లాగుతుంది. దాంతో ఆయిల్ తుంపర కూడా ఎక్కువ వస్తుంది. టర్బో ఉన్న డీజిల్ బళ్లలో బ్రీదరు టర్బో ముందే కలుస్తుంది గనుక ఈ లాగుడు మరీ ఎక్కువ. సన్నటి దుమ్ము ఫిల్టరు దాటి ఆ జిడ్డుకు అంటుకుంటే రెండూ కలిసి ముద్ద కడతాయి.

డ్రైవర్ తమ్ముళ్లు ఫిల్టరు తీసి టైరుకేసి కొట్టి మళ్లీ పెట్టేస్తుంటారు. దయచేసి ఆ పని మానండి. కాగితం ఫిల్టరు మడతలు చిరిగితే, అంచు రబ్బరు వంగితే దుమ్ము నేరుగా సిలిండరులోకే పోతుంది. రింగులు అరిగి బ్యాక్ కంప్రెషన్ పెరిగి, ఆయిల్ ఇంకా ఎక్కువ వస్తుంది. గాలి కొట్టించాలంటే తక్కువ ఒత్తిడితో, లోపలి వైపు నుంచి బయటికి కొట్టించాలి. బాగా నల్లబడితే మార్చెయ్యాలి. బండితో ఇచ్చిన మాన్యువల్లో దుమ్ము రోడ్లు, కొండదారులు, విపరీతమైన ఎండ ఉన్నచోట సర్వీసు త్వరగా చేయించాలని విడిగా ఒక పట్టిక ఉంటుంది. మన జిల్లాకు మూడూ వర్తిస్తాయి. హైదరాబాదులో తిరిగే కారు లెక్క చూసుకుని ఇక్కడ సర్వీసు చేయించడం తప్పు.

ఎక్కువ గాలి వస్తుందని చెప్పి అమ్మే నూనె పూసిన కాటన్ ఫిల్టర్లు ఉన్నాయి. కడిగి మళ్లీ నూనె పూసేటప్పుడు చెయ్యి జారిందంటే ఆ నూనె ఎగిరి, వచ్చే గాలిని కొలిచే సెన్సరు తీగకు అంటుకుంటుంది. బండికి ఎంత గాలి వస్తోందో తెలియదు, పికప్ పోతుంది, మైలేజీ పడిపోతుంది. ఈ మట్టిలో తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టరే మేలు.

రైతు సోదరులకు కూడా ఇదే తీరు మాట ఒకటి. మన దగ్గర చాలా ట్రాక్టర్లకు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు ఉంటుంది. అడుగున గిన్నెలో ఆయిల్ పోస్తాం, గాలి దాని మీదుగా వెళ్తూ దుమ్మును అందులో వదిలేస్తుంది. గిన్నె లోపల గీత ఉంటుంది. ఆ గీత దాటి పోస్తే ఇంజను గాలితోపాటు ఆ ఆయిల్‌నూ లాగేస్తుంది. దమ్ము చేసే రోజుల్లో గిన్నె అడుగున మట్టి పేరుకున్నా అంతే, మట్టం పైకి తేలుతుంది. రోజూ సాయంత్రం విప్పి చూడటం ఐదు నిమిషాల పని.

ఇక ఎండ. మే నెలలో మన వైపు 45 డిగ్రీలు దాటడం చాలాసార్లు చూసిందే. వేడికి ఆయిల్‌లోని తేలిక భాగం ఆవిరై బ్రీదరులోకి ఎక్కుతుంది. ఏ ఆయిల్ ఎంత ఆవిరవుతుందో కొలవడానికి నోవాక్ అనే పరీక్ష ఉంది. 250 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచి ఎంత తగ్గిందో చూస్తారు. నేటి పెట్రోలు ఇంజన్లకు ఏపీఐ ఎస్‌పీ గుర్తున్న సాధారణ గ్రేడు ఆయిల్ 15 శాతానికి మించి తగ్గకూడదు. మాన్యువల్లో రాసిన గ్రేడు, గుర్తు రెండూ డబ్బా మీద ఉన్నాయో లేదో చూసి కొనండి. సీలు మీద అనుమానం వస్తే ఆ డబ్బా వద్దు. చలికాలంలో బెడద వేరు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. పొద్దున్నే మంచులో స్టార్టు చేసి రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆ ఆవిరిలో కొంత చాంబరులోనే నీరై ఆయిల్‌తో కలిసి మజ్జిగ రంగు ముద్దవుతుంది. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల అంటుకుని కనిపిస్తుంది. అదే ముద్ద పీసీవీ వాల్వునూ సన్నటి బ్రీదర్ పైపునూ మూసేస్తుంది.

ఆ వాల్వు సంగతి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఇది పెట్రోలు కార్లకు. ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, తిరిగే బెల్టులకు చెయ్యి దూరంగా పెట్టి, ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద దళసరి కాగితం ముక్క పెట్టండి. కాగితం మెల్లగా లోపలికి అంటుకుంటే వ్యవస్థ బాగున్నట్టే. కాగితాన్ని ఎగదోస్తుంటే దారి మూసుకుపోయి ఉండాలి, లేదా రింగులు అరిగి ఉండాలి. మూత తీయడానికే రానంత గట్టిగా పీలుస్తూ ఈల వేసినట్టు చప్పుడు వస్తుంటే వాల్వు లోపలి రబ్బరు పొర చిరిగిందన్నమాట. ఆ పొర చిరిగిన బండి నీలంపొగ వదులుతుంది, ఆయిల్ తింటుంది. దీన్ని చూసి ఇంజను బోరుకు వచ్చిందని తేల్చి హెడ్డు విప్పించినవాళ్లు ఉన్నారు. చిన్న వాల్వుతోనో, టాపెట్ కవరుతోనో పోయేదానికి అంత ఖర్చు. పరీక్ష చెయ్యకుండా ఎవరినీ హెడ్డు విప్పనివ్వకండి. అలాగే బ్రీదర్ పైపును చివరిదాకా తడిమి చూడండి. వడ్లు నిలవ ఉన్న కొట్టం పక్కన నిలిపే బళ్లలో ఎలుకలు ఈ రబ్బరు పైపును కొరుకుతాయి. ఫిల్టరు తర్వాత పైపుకు చిల్లు పడితే ఫిల్టరున్నా లేనట్టే.

ఇన్‌టేక్‌లోకి వచ్చిన ఆయిల్ మండిపోతుంది కదా, నష్టమేంటి అని కొందరు అడుగుతారు. పాత పద్ధతిలో పెట్రోలును మానిఫోల్డులో చల్లే ఇంజన్లలో ఆ పెట్రోలే వాల్వులను కడిగేది. ఇప్పుడొస్తున్న టర్బో పెట్రోలు కార్లలో చాలావాటికి పెట్రోలు నేరుగా సిలిండరులో పడుతుంది. వాల్వు వెనక చేరిన ఆయిల్‌ను కడిగే దిక్కు లేదు, అది కాలి బొగ్గులా గట్టిపడుతుంది. డీజిల్‌లో పొగను కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ తెచ్చే మసి ఈ ఆయిల్‌తో కలిసి తారులా మానిఫోల్డును ఇరుకు చేస్తుంది. కాలిన ఆయిల్ బూడిద డీపీఎఫ్‌లో చేరితే అది మసిలా కాలిపోయేది కాదు, అక్కడే ఉండిపోతుంది. ఆ ఫిల్టరు మార్చాల్సి వస్తే మధ్యతరగతి మనిషి తట్టుకోలేని ఖర్చు.

ఇప్పుడు చెప్పబోయేది ప్రాణాలకు సంబంధించినది. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కే టర్బో డీజిల్ బళ్లవాళ్లు ముఖ్యంగా వినండి. టర్బో ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని మోసేది ఆయిలే. ఘాట్ ఎక్కి టీ హోటల్ ముందు ఆగగానే తాళం తిప్పేస్తే ఆ ఆయిల్ అక్కడే మాడి, వెనక్కి వచ్చే పైపు మూసుకుపోతుంది. అప్పుడు ఆయిల్ సీలు దాటి గాలి వైపుకు కక్కుతుంది. అందుకే ఆగాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. టర్బో సీలు పూర్తిగా పోయినా, ఇంటర్‌కూలరులో ఆయిల్ నిండినా ఇంజను ఆ ఆయిల్‌నే డీజిల్‌లా మండించడం మొదలుపెడుతుంది. యాక్సిలరేటరు మీద కాలు లేకుండానే రేజ్ పెరుగుతుంది, వెనక దట్టమైన పొగ కమ్ముతుంది. తాళం తీసినా ఆగదు, ఎందుకంటే అది కాల్చేది ట్యాంకులోని డీజిల్ కాదు. గేరున్న బండైతే బ్రేకును గట్టిగా తొక్కిపట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, పైగేరు వేసి క్లచ్ వదిలెయ్యండి, ఇంజను ఆగిపోతుంది. అలా కాకపోతే గాలి పోయే మూతిని మందపాటి చెక్కతో మూయాలి. చెయ్యి పెట్టకండి, గుడ్డ పెట్టకండి. గుడ్డను లోపలికి లాగేసుకుంటుంది, చేతిని గాయపరుస్తుంది. రేజ్ చెవులు చిల్లులు పడేంతగా పెరిగితే బండి మాట వదిలేసి జనాన్ని దూరం జరపండి. ఇంజను పగిలి ముక్కలు ఎగరొచ్చు. టర్బో మార్చాక ఇంటర్‌కూలరు, పైపులు పూర్తిగా ఖాళీ చేసి కడగందే మళ్లీ స్టార్టు చెయ్యనివ్వకండి.

క్యాచ్ క్యాన్ పెట్టించుకోమంటారా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. బ్రీదర్ పైపు మధ్యలో పెట్టే చిన్న డబ్బా అది, లోపలి జాలీ ఆయిల్ తుంపరను పట్టి ఉంచుతుంది. పని చేస్తుంది, కాదనను. నిండకముందే ఖాళీ చెయ్యాలి, లేకపోతే అందులోని నీళ్లూ ఆయిలూ ఒక్కసారిగా ఇంజనులోకి పోతాయి. వారంటీ ఉన్న బండికి వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మీద ఆంక్షలు పెట్టిందని గుర్తుంచుకోండి. ఇక బ్రీదర్ పైపును పీకి గాలిలోకి వదిలెయ్యడం, కొన్ని షెడ్లలో ఇప్పటికీ చేస్తున్న పని, అది ముమ్మాటికీ తప్పు. ఆ విషపు ఆవిరిని మన ఊరే పీలుస్తుంది.

చివరగా వరద గురించి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మునిగిన బండిలో నీళ్లు బ్రీదరు నుంచీ, గాలి పైపు నుంచీ ఇంజనులోకి దిగుతాయి. నీరు ఆయిల్ కన్నా బరువు గనుక అడుగుకు చేరి ఆయిల్‌ను పైకి లేపుతుంది. ఆ స్థితిలో స్టార్టు చేస్తే నీళ్లూ ఆయిలూ కలిసిన ముద్ద ఇన్‌టేక్ నిండా ఎక్కుతుంది. సిలిండరులో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. పంట పోయి, ఇల్లు తడిసి ఉన్న కుటుంబానికి ఆ ఖర్చు కూడా తోడవడం చూడలేం.

కాబట్టి నా విన్నపం ఇది. మునిగిన బండి తాళం ముట్టుకోకండి. బ్యాటరీ వైరు విప్పించి, తోయించో లాగించో షెడ్డుకు చేర్చండి. ఆయిల్ మొత్తం తీయించి, ఫిల్టర్లు మార్పించి, పెట్రోలు బండికైతే ప్లగ్గులు, డీజిల్‌కైతే ఇంజెక్టర్లు విప్పించి ఇంజనును చేత్తో తిప్పించాకే స్టార్టు చేయించండి. నది ఒడ్డు ఊళ్లలో ఉన్నవాళ్లు మట్టం 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజే బండిని మెరకకు తరలించండి. రెండో హెచ్చరిక 48 అడుగుల దగ్గర, మూడోది 53 దగ్గర. అప్పటిదాకా ఆగితే దారులు మునిగిపోతాయి.